నీళ్లంటే వణుకు పుట్టేవాళ్లు నీళ్లలోకి దిగడం ఎలా?

“ఈత నేర్చుకోవాలని ఉందండీ, కానీ నడుంలోతు నీళ్లలో నిలబడితేనే ఊపిరాడదు. ఏం చెయ్యమంటారు?” ఎండాకాలం వచ్చిందంటే ఈ ప్రశ్న రకరకాలుగా వస్తుంది. పిల్లల్ని సమ్మర్ క్యాంపులో దింపి, తాము మాత్రం పూల్‌కి పది అడుగుల దూరంలో కుర్చీ లాక్కుని కూర్చునే అమ్మానాన్నలు అడుగుతారు. షవర్ కింద తల పెట్టలేక ఇప్పటికీ చెంబుతోనే, అదీ ముఖం పక్కకి తిప్పుకుని స్నానం చేసేవాళ్లు అడుగుతారు. ఈమధ్య ఇంకో రకం మొదలైంది. 2015 గోదావరి పుష్కరాలకి వెళ్లి, మెట్ల మీదే కూర్చుని నెత్తిన నీళ్లు చల్లించుకుని వచ్చేశారు. 2027లో మళ్లీ వస్తున్నాయి కదా, ఈసారైనా మూడు మునకలు వెయ్యాలని వాళ్ల కోరిక.

అందరికీ చెప్పేది ఒకటే కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను. ముందే ఈత క్లాసులో చేరకండి. అక్కడ చేతులు ఎలా ఆడించాలో, కాళ్లు ఎలా కొట్టాలో చెబుతారు. భయంతో ఒళ్లంతా బిగుసుకుపోయిన మనిషికి అవేవీ చెవికెక్కవు. భయం సంగతి విడిగా, ముందుగా చూసుకోవాలి. అందులోనూ వరస ముఖ్యం: తల ముంచడం కన్నా, తేలడం కన్నా ముందు, నీళ్లలోంచి లేచి నిలబడడం నేర్చుకోవాలి. చాలా చోట్ల దీన్ని వదిలేస్తారు, లేదా చివర్లో చెబుతారు. నా లెక్కలో సగం భయం తగ్గేది అక్కడే.

ఇది ఎవరికి పనికొస్తుంది, ఎవరికి సరిపోదు

నిండుగా పారే కాలువని చూసి జంకడం జబ్బు కాదు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది. అది తెలిసినవాళ్లెవరైనా లైఫ్‌జాకెట్ ఇవ్వకపోతే పడవ ఎక్కనని మొండికేస్తే వాళ్లకి చికిత్స అక్కర్లేదు, వాళ్ల మాట వినండి. ప్రమాదం లేని నీళ్ల దగ్గర, అంటే షవర్, బకెట్, మూడడుగుల పూల్ దగ్గర కూడా గుండె దడదడలాడటం, అరచేతులు చెమర్చడం, పారిపోవాలనిపించడం నెలల తరబడి ఉండి, దాని వల్ల పనులూ ప్రయాణాలూ మానుకుంటుంటే, ఈ రాసింది మీకోసమే.

కింది వాళ్లు మాత్రం ముందు వేరే తలుపు తట్టాలి.

- ఒకసారి మునిగిపోయి బతికి బయటపడినవాళ్లు, కళ్లెదుటే అయినవాళ్లని నీళ్లలో పోగొట్టుకున్నవాళ్లు. ఆ దృశ్యం కలల్లోకి వస్తున్నా, పట్టపగలు కళ్లముందు మెదులుతున్నా బకెట్‌తో మొదలుపెట్టకండి. సైకాలజిస్టుని గానీ మానసిక వైద్యుణ్ని గానీ ముందు కలవండి. టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. అక్కడికి వెళితే ఎవరేమనుకుంటారో అన్న బెంగ పెట్టుకోకండి. భయాల కోసం వచ్చేవాళ్లు వాళ్లకి కొత్త కాదు.
- మూర్ఛ, గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, తరచూ వచ్చే ఉబ్బసం, చెవి కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు. డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. మూర్ఛ ఉన్నవాళ్లు ఇంట్లో బేసిన్‌తో చేసే సాధన కూడా ఒంటరిగా చెయ్యకూడదు.
- కుక్కో, పిల్లో, కోతో కరిచి, లేదా గీరి, ఆ తర్వాత ఎప్పుడైనా నీళ్లు మింగబోతే గొంతు పట్టేస్తున్నవాళ్లు, గ్లాసు చూస్తేనే గొంతు బిగుసుకుంటున్నవాళ్లు. అది మనం మాట్లాడుకుంటున్న భయం కాదు, రేబిస్ కావచ్చు. ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. అందుకే కరిచిన రోజే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, టీకా మొదలుపెట్టాలి.

ఇంకో మాట. “మా వాడికి జలగండం ఉందన్నారు, అందుకే చిన్నప్పట్నుంచీ నీళ్ల దగ్గరికి పోనివ్వలేదు” అని చెప్పే ఇళ్లు మన దగ్గర బోలెడు. జాతకం మీద నమ్మకం ఉంటే ఉండనివ్వండి. కానీ గండం ఉందన్నవాడికి నీళ్లలో నిలబడడం కూడా రాకుండా పెంచడంలో అర్థమేమిటో నాకు ఎప్పుడూ బోధపడలేదు.

కావలసినవి

- తోడు ఒకరు. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. ఈత వచ్చి ఉండాలి, ఓపిక ఉండాలి, సరదాకి కూడా నీళ్లు చల్లకూడదు. “ఏం కాదులే, దూకెయ్” అనే బావమరిదిని ఇంట్లోనే వదిలి రండి. మాట ఇచ్చి తప్పే మనిషి ఒక్కసారి చెయ్యి వదిలేస్తే నెల రోజుల శ్రమ పోతుంది. పూల్‌లో ఉండే కోచ్‌తో అరగంట ఒక్కరికే నేర్పేలా మాట్లాడుకోగలిగితే ఇంకా మంచిది.
- బకెట్, చెంబు, ముఖం మొత్తం పట్టేంత వెడల్పాటి బేసిన్, గోరువెచ్చని నీళ్లు. చన్నీళ్లు వద్దు. ఒంటి మీద చన్నీళ్లు పడగానే ఊపిరి దానంతటదే ఎగబీలుస్తుంది. భయం లేనివాళ్లకీ అంతే. మీరు దాన్ని భయమనుకుంటారు.
- ఒక చిన్న నోట్‌బుక్.
- మెట్లతో దిగే పూల్. నిలువు నిచ్చెన మాత్రమే ఉన్న పూల్ మీకు వద్దు. లోతు తక్కువ వైపు మూడు, మూడున్నర అడుగులుండాలి, గట్టు మీద లోతు రాసి ఉండాలి, లైఫ్‌గార్డ్ ఉండాలి, నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉండాలి. రద్దీ లేని బ్యాచ్ ఏదో కనుక్కోండి. సెలవుల్లో సాయంత్రం బ్యాచ్ అంటే సంతే.
- కళ్లద్దాలు, అంటే స్విమ్మింగ్ గాగుల్స్. పట్టీ పెట్టుకోకుండా కంటికి నొక్కి వదిలినప్పుడు రెండు క్షణాలు అతుక్కుని ఉంటే అవి మీ ముఖానికి సరిపోయినట్టు.
- నైలాన్ ఈతదుస్తులు, టోపీ. నూలు చుడీదార్, లుంగీ, పంచె తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి. అసలే భయపడే మనిషికి అదో అదనపు బాధ. ఒళ్లంతా కప్పే పొడుగు చేతుల సూట్లు ఆడవాళ్లకీ మగవాళ్లకీ దొరుకుతాయి. చాలా పూల్‌లలో ఆడవాళ్లకి విడిగా బ్యాచ్ ఉంటుంది.

కొనకూడనివి: చేతులకి తొడిగే గాలి బుడగలు, రబ్బరు ట్యూబులు. వాటిలో తేలినప్పుడు భయం పోయినట్టే ఉంటుంది, తీసేసిన రోజు మొదటికొస్తుంది. ముక్కు క్లిప్ విషయంలో నాకు పట్టింపు లేదు. ముక్కులోకి నీళ్లు పోవడమే మీ అసలు భయమైతే మొదట్లో పెట్టుకోండి, కింద చెప్పే ఆరో మెట్టు దగ్గర తీసేద్దాం.

1. భయాన్ని మెట్లుగా రాసుకోండి

నీళ్లకి సంబంధించి మీకు ఇబ్బందిగా ఉన్నవన్నీ రాసి, ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా అంకె వెయ్యండి. 0 అంటే ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నట్టు, 10 అంటే ఇక ప్రాణం పోయినట్టే. తర్వాత చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి పేర్చండి. ఉదాహరణకి ఒకరి జాబితా ఇలా ఉండొచ్చు:

- భుజాల మీద చెంబుతో నీళ్లు పోసుకోవడం: 1
- నెత్తి మీద పోసుకోవడం: 3
- కళ్లు మూసుకుని షవర్ కింద నిలబడడం: 4
- బేసిన్‌లో ముఖం ముంచడం: 5
- పూల్ గట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టడం: 5
- నడుంలోతులో, పూల్ అంచున ఉండే కడ్డీ వదిలి నిలబడడం: 7
- తల ముంచడం: 8
- వెల్లకిలా తేలడం: 9
- కాళ్లకి నేల అందని చోటు: 10

మీ వరస ఇలాగే ఉండాలని లేదు. షవర్ అంటే 8, పూల్ అంటే 4 అనేవాళ్లూ ఉన్నారు. మీ ఒంటికి ఏది నిజమో అదే రాయండి, పక్కవాళ్లని అడిగి దిద్దుకోకండి.

ఇక్కణ్నుంచి ప్రతి మెట్టుకీ ఒకే లెక్క. మెట్టెక్కాక భయం ఎంతో అంకె చెప్పుకోండి. అది సగానికి దిగేదాకా అక్కడే ఉండండి. వరసగా రెండు రోజులు అదే పని 3 లోపు అంకెతో చేయగలిగితే పై మెట్టుకి వెళ్లండి.

మరి భయం దిగకుండా ఎక్కుతూ పోతే? గబుక్కున బయటికి పరిగెత్తకండి, అర మెట్టు దిగండి. నడుంలోతులో ఉంటే మోకాలిలోతుకి రండి, అక్కడ అంకె తగ్గేదాకా నిలబడి మళ్లీ వెళ్లండి. భయం తారస్థాయిలో ఉన్నప్పుడు పారిపోతే, ‘పారిపోబట్టి బతికాను’ అని ఒళ్లు నేర్చుకుంటుంది. మర్నాడు అదే మెట్టు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది.

2. ఊపిరి వదలడం

పీల్చడం కాదు, వదలడం. భయపడ్డప్పుడు అందరం గాలి లోపలికి లాక్కుని బిగబడతాం. గుండెల నిండా గాలి ఉన్నా ఊపిరాడనట్టు ఉండేది అందుకే. కుర్చీలో కూర్చుని, 4 లెక్కపెడుతూ నోటితో పీల్చి, 6 లెక్కపెడుతూ ముక్కుతో వదలండి. రోజూ ఐదు నిమిషాలు చాలు. తర్వాత పెదాలు మూసి ‘మ్‌మ్‌మ్’ అని సన్నగా రాగం తీస్తూ వదలడం అలవాటు చేసుకోండి. రాగం తీస్తున్నంతసేపూ ముక్కులోంచి గాలి బయటికి వస్తూనే ఉంటుంది కాబట్టి నీళ్లు లోపలికి పోవు. చూడ్డానికి పిచ్చిగా ఉన్నా, పూల్‌లో మీ చేతిలో ఉండే మంచి ఆయుధం ఇదే.

హెచ్చరిక: ముంచడానికి ముందు గబగబా పది పదిహేను ఊపిరులు పీల్చి వదలడం, ఎక్కువసేపు బిగబట్టగలనా అని పందేలు కట్టడం చెయ్యొద్దు. అలా చేస్తే ముందస్తు సూచన ఏదీ లేకుండానే నీళ్లలో స్పృహ తప్పవచ్చు. ఈత బాగా వచ్చినవాళ్లూ ఇలాగే పోయారు.

3. స్నానాల గదిలో

మొత్తం పనిలో చవకైనదీ, జనం తొందరపడి దాటేసేదీ ఇదే. వారంలో నాలుగైదు రోజులు, రోజుకి అరగంట కేటాయించండి. తలుపు గడియ పెట్టకండి, ఇంట్లో ఒకరికి చెప్పి మొదలుపెట్టండి.

చెంబుతో భుజాల మీద, మెడ వెనక, తర్వాత నెత్తి వెనక భాగాన పోసుకోండి. పోసే చెయ్యి మీదే కావాలి. చివరికి నుదుటి మీంచి ముఖం మీదుగా జారేలా పోసుకోండి, ‘మ్‌మ్‌మ్’ అంటూ. పోయగానే చెయ్యి దానంతటదే ముఖం తుడవడానికి లేస్తుంది. లేవనివ్వకండి. 10 దాకా లెక్కపెట్టి అప్పుడు తుడుచుకోండి. కనురెప్పల మీద నీళ్లు కారుతున్నా ఏమీ కాలేదని తెలియాలంటే, ఆ పది లెక్కలూ తుడవకుండా ఉండాల్సిందే. తర్వాత 20, ఆ తర్వాత అసలు తుడవకుండా.

ఇక బేసిన్. గోరువెచ్చని నీళ్లు పోసి బల్ల మీద పెట్టుకుని కూర్చోండి. మొదట గడ్డం, తర్వాత పెదాలు, నోటితో బుడగలు. తర్వాత ముక్కు, రాగం తీస్తూ. ఆపైన కళ్లు మూసుకుని ముఖమంతా. గాగుల్స్ తెచ్చుకుని ఉంటే పెట్టుకుని లోపల కళ్లు తెరవండి. బేసిన్ అడుగున చెంచా వేసి చూడండి, ఒక పని ఉంటే భయం కాస్త పక్కకి జరుగుతుంది. 5 లెక్కపెట్టేంతసేపు ముఖం ముంచి, బయటికొచ్చి, పీల్చి, మళ్లీ ముంచడం వరసగా పదిసార్లు చెయ్యగలిగితే ఈ మెట్టు అయిపోయినట్టు.

పొలమారితే? పొలమారుతుంది, ఏదో ఒక రోజు తప్పదు. తల ముందుకి వంచి దగ్గండి, దగ్గు ఆగాక నెమ్మదిగా ముక్కుతో పీల్చండి. ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుకుని, ఆ రోజే ఇంకొక్కసారి, ఇంకా తేలిగ్గా, గడ్డం మాత్రమే ముంచి ముగించండి. పొలమారిన చోట ఆ రోజుకి ఆపేయకండి.

చెవిలోకి నీళ్లు పోతాయని బెంగపడేవాళ్లు తల పక్కకి వంచి చెవి తమ్మె లాగితే నీళ్లు బయటికొచ్చేస్తాయి. నూనె చుక్కలు వెయ్యడం, పుల్లలు పెట్టడం వద్దు.

4. పూల్‌కి వెళ్లండి, దిగకండి

మొదటిరోజు మామూలు బట్టలతోనే వెళ్లండి. వాసన, చప్పుడు, గోడలకి కొట్టుకుని వచ్చే కేకలు, వీటికే చాలామందికి అంకె 5 దాటుతుంది. మెట్లు ఎక్కడున్నాయి, లోతు ఎక్కడ మొదలవుతుంది, లైఫ్‌గార్డ్ ఎక్కడ కూర్చుంటాడు అన్నీ చూసుకోండి. లైఫ్‌గార్డ్‌కి చెప్పండి: “నాకు నీళ్లంటే భయం, ఈ మూలలోనే ఉంటాను.” సిగ్గుపడాల్సిన పని లేదు. దాచిపెడితేనే ఎవరో ఒకరు పక్కన దూకి మీ ముఖాన నీళ్లు కొడతారు. గట్టున కూర్చుని కాళ్లు వేలాడేసి, అంకె దిగేదాకా ఉండి, వచ్చేయండి.

5. మెట్లు, నడుంలోతు

తోడు వచ్చిన మనిషి మీకన్నా ముందు దిగి, లోతు వైపు నిలబడాలి. మీరు మెట్ల మీద ఒక్కో మెట్టుకీ ఆగుతూ రండి. నడుం దాకా వచ్చాక కడ్డీ పట్టుకుని పక్కకి అడుగులెయ్యండి. తర్వాత రెండు వేళ్లతో మాత్రమే పట్టుకుని. తర్వాత చెయ్యి కడ్డీకి జానెడు ఎడంలో పెట్టి.

నీళ్లలో నడక నేల మీద నడకలా ఉండదు. అడుగు తేలిపోయినట్టు, పట్టు తప్పినట్టు అనిపిస్తుంది. నీళ్లు మిమ్మల్ని పైకి మోస్తున్నాయి, అంతే. నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చేసుకోండి. నడుంలోతులో కడ్డీ పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, మోకాళ్లు వంచి మెడదాకా కిందికి కూర్చోబోండి. నీళ్లు మిమ్మల్ని పైకి నెడుతున్నట్టు తెలుస్తుంది. మునిగిపోతానని భయపడే మనిషి మునగడానికి ప్రయత్నించి, అదెంత కష్టమో చూడడం ఈ మెట్టుకి ఉన్న ఉపయోగం.

6. లేచి నిలబడడం

ఇక్కడ ఎన్ని రోజులు పట్టినా పట్టనివ్వండి.

మూడడుగుల నీళ్లలోనూ మనుషులు గాభరాపడేది ఎందుకంటే, కాళ్లు నేల వదిలాక మళ్లీ నేల మీదికి ఎలా తెచ్చుకోవాలో తెలియక. ముందుకి బోర్లా పడగానే ప్రతివాళ్లూ తల పైకెత్తుతారు. తల లేస్తే నడుం వంగదు, కాళ్లు వెనకే తేలుతుంటాయి, పాదాలకి నేల అందదు, నోట్లోకి నీళ్లు పోతాయి. చెయ్యాల్సింది దానికి తలకిందులు.

బోర్లా ఉన్నప్పుడు: ముందు మోకాళ్లని పొట్టలోకి ముడవండి. అదే సమయంలో చాచిన రెండు చేతుల్నీ కిందికి గట్టిగా నొక్కండి. ఒళ్లు నిటారుగా తిరుగుతుంది. పాదాలు చాచి నేల మీద ఆన్చండి. తల అన్నిటికన్నా చివర లేవాలి.

వెల్లకిలా ఉన్నప్పుడు: గడ్డాన్ని ఛాతీకి ఆన్చండి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుం దించి మోకాళ్లు ముడవండి, చేతులతో నీళ్లని వెనక నుంచి ముందుకి తోడండి. కూర్చున్న భంగిమలోకి వచ్చాక పాదాలు ఆన్చండి.

మొదట నేల మీద, చాప మీద, ఈ కదలికలు పదిసార్లు చెయ్యండి. తర్వాత పూల్‌లో కడ్డీని రెండు చేతులా పట్టుకుని, కాళ్లు వెనక్కి తేలనిచ్చి, ముడిచి, నిలబడండి. ముఖం ఇంకా తడపక్కర్లేదు. ఆపైన కడ్డీ బదులు తోడు మనిషి చేతులు. ఆ తర్వాత ఆ చేతులు మీ అరచేతుల కింద ఆనీ ఆనకుండా. చివరికి మీరు ఒక్కరే. ముక్కు క్లిప్ పెట్టుకున్నవాళ్లు ఈ దశలో తీసేయండి.

ఎప్పుడు వచ్చినట్టు? తోడు మనిషి చెప్పిన క్షణంలో, ఆలోచించకుండా, వరసగా పదిసార్లు నిలబడగలిగితే వచ్చినట్టు. అప్పుడు మీ జాబితా తీసి, పై మెట్లకి అంకెలు మళ్లీ వేసుకోండి. తొమ్మిది అనుకున్నది ఆరుకి దిగి ఉంటుంది, ఇంకా ఆ పని చెయ్యకుండానే.

7. తల ముంచడం

బేసిన్‌లో చేసిందే ఇక్కడా. కడ్డీ పట్టుకుని గడ్డం, నోరు, ముక్కు, కళ్లు, నెత్తి, ఈ వరసలో వెళ్లండి. ఒక్కో మునక మూడు క్షణాలు చాలు. నీళ్లలో ఉన్నంతసేపూ గాలి వదులుతూ ఉండండి. బిగబట్టి ముంచితే, పైకి రాగానే వదలడం, పీల్చడం రెండూ ఒకేసారి చెయ్యబోయి ఉక్కిరిబిక్కిరవుతారు. తోడు మనిషి కూడా మీతోపాటు మునిగి, నీటి లోపల ఎన్ని వేళ్లు చూపించాడో మీరు చెప్పడం మంచి ఆట. గాగుల్స్‌తో బాగా కుదిరాక, అవి లేకుండా కూడా కొన్ని మునకలు వెయ్యండి.

8. తేలడం

వెల్లకిలా తేలడానికి తోడు మనిషి ఒక అరచెయ్యి మీ తల కింద, ఒకటి నడుం కింద పెడతాడు. చెవులు మునగాలి, కళ్లు పైకప్పు వైపో ఆకాశం వైపో చూడాలి, పొట్ట పైకి రావాలి. నీళ్లు చూడాలని తల ఎత్తారా, నడుం జారి కాళ్లు దిగిపోతాయి. సన్నగా, కండ పట్టి ఉన్న మగవాళ్ల కాళ్లు ఎలాగూ కొంచెం దిగుతాయి, అది మునగడం కాదు. గుండెల్లో గాలి ఉన్నంతసేపూ ముఖం పైనే ఉంటుంది. నడుం కింది చెయ్యి ముందు తియ్యాలి, తల కింది చెయ్యి తర్వాత. తీసేముందు మీకు చెప్పాలి. చెప్పకుండా తీసి “చూశావా, నువ్వే తేలావు!” అని సంబరపడే తోడుని మార్చేయండి.

వెల్లకిలా అసలు వద్దనిపిస్తే బోర్లా మొదలుపెట్టండి: గాలి పీల్చి, ముఖం ముంచి, మోకాళ్లు కౌగిలించుకుని ముడుచుకోండి. వీపు నీటిపైకి వచ్చి తేలుతుంది. ఆరో మెట్టు వచ్చు కాబట్టి లేవడం మీ చేతిలో పని.

9. ఛాతీలోతు దాటాక

నేల అందని చోటికి ఈ రాసినదాన్ని పట్టుకుని వెళ్లకండి. అది కోచ్ పని. ఇప్పుడు ఈత క్లాసులో చేరండి. ఇప్పుడు వాళ్లు చెప్పేవి చెవికెక్కుతాయి.

చాలామంది చేసే తప్పులు

తోసెయ్యడం అన్నిటికన్నా పెద్దది. మా తాతలు బావిలో తోసి నేర్పారు అంటారు. తాతలు నడుముకి బెండ్లో, ఎండిన సొరబుర్రో కట్టి, పక్కనే నలుగురు ఈతగాళ్లు ఉండగా నేర్పారు, ఆ సంగతి కథలో జారిపోతుంది. పైగా తోస్తే నేర్చుకున్నవాళ్లే ఆ కథ చెబుతారు, ఆ రోజు నుంచి బావివైపే వెళ్లనివాళ్లు చెప్పరు.

వారానికోసారి మూడు గంటలు చేయడం. నాలుగు రోజులు అరగంట చొప్పున చేయడమే మేలు. భయానికి జ్ఞాపకశక్తి ఎక్కువ, వారం ఎడం ఇస్తే మళ్లీ మొదట్నుంచి వస్తుంది.

ధైర్యానికని ఒక పెగ్గు వేసుకుని దిగడం. దీనికి వివరణ అక్కర్లేదనుకుంటాను. భయానికి మాత్రలు వాడుతున్నవాళ్లు కూడా, వేసుకుని నీళ్లలోకి దిగవచ్చో లేదో డాక్టర్‌ని అడగాలి.

మునిగిపోయిన ప్రమాదాల వీడియోలు రాత్రిపూట ఒకటి తర్వాత ఒకటి చూడడం, తెల్లారి పూల్‌కి రావడం.

ఇంకొకటి ఎవరూ గమనించరు: ఫలానా తోడు ఉంటేనే, ఫలానా మూలలోనే, ఫలానా గాగుల్స్‌తోనే చేయడం. అలా చేస్తే ధైర్యమంతా ఆ గాగుల్స్‌లో ఉండిపోతుంది. ప్రతి మెట్టునీ చివర్లో ఒక్కసారైనా ఒక ఆసరా తీసేసి చేసి చూడండి.

భయం తగ్గిందో లేదో చూసుకోవడం ఎలా

‘బాగానే ఉంది’ అనిపించడం లెక్కలోకి రాదు, నోట్‌బుక్‌లో అంకెలు చూడండి. మూడు పరీక్షలు పెట్టుకోండి. వేరే పూల్‌కి వెళ్లి నడుంలోతులో నిలబడితే అంకె ఎంత? అనుకోకుండా పక్కన ఎవరో దూకి ముఖాన నీళ్లు పడితే, తుడుచుకోకముందే ఊపిరి దారికొచ్చిందా? నెల రోజులు మానేసి వెళ్తే, మొదటి పది నిమిషాల్లో అంకె 4 లోపుకి దిగిందా? మూడింటికీ సమాధానం బాగుంటే అయినట్టే.

మానేసి వెళ్లినప్పుడు భయం కొంత వెనక్కి వస్తుంది. వానాకాలం, జలుబు, పరీక్షలు, ఏదో ఒకటి అడ్డొస్తుంది కదా. వచ్చిన భయం కొత్తది కాదు. రెండు మెట్లు దిగి మొదలుపెడితే మొదటిసారి కన్నా చాలా తొందరగా ఎక్కేస్తారు. ఒకే మెట్టు మీద నెల దాటినా అంకె కదలకపోతే మాత్రం ఇక సొంత వైద్యం ఆపి సైకాలజిస్టుని కలవండి.

చిన్నపిల్లలైతే

తలంటు రోజున ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చే పిల్లలకి చాలావరకు భయం నీళ్లంటే కాదు, కంట్లో పడే సబ్బూ కుంకుడు రసమూ అంటే. చెంబు వాళ్ల చేతికే ఇవ్వండి, మడిచిన పొడి తువ్వాలు కళ్లకి అడ్డం పట్టుకోనివ్వండి, ముందు మీ నెత్తి మీద పోయమనండి. లెక్కపెట్టి పొయ్యండి, మూడు అని చెప్పి రెండుకే కుమ్మరించకండి. ఐదారేళ్లు దాటినా చేతులు కడుక్కోవడానికి కూడా వణికితే డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో ఏ తొట్టి దగ్గరైనా, ఎంత తక్కువ నీళ్లున్నా పసిపిల్లల్ని ఒంటరిగా వదలకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

నది, కాలువ, సముద్రం, పుష్కరాలు

సాధన ఇక్కడెక్కడా చెయ్యకండి. సాగర్ కాలువల సిమెంటు గోడలు పాచిపట్టి జారతాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇసుక తవ్విన చోట్ల నదిలో మోకాలిలోతు పక్కనే నిలువు లోతు ఉంటుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో అల చిన్నగా కనిపించినా వెనక్కి లాగే ప్రవాహం ఈతగాళ్లనీ ఈడ్చుకుపోతుంది. ఈ భయాలు పోగొట్టుకోవాల్సినవి కావు, ఉంచుకోండి.

పుష్కర స్నానమే మీ గురి అయితే ఏడో మెట్టు దాకా పూర్తి చేస్తే చాలు. పూల్‌లోనే కడ్డీ ఒక చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని మూడు మునకలు వెయ్యడం సాధన చెయ్యండి. కళ్లు మూసుకుని ఎందుకంటే, తొలకరి వానలు పడ్డాక గోదావరి ఎర్రబడుతుంది, అడుగు కనిపించదు. పూల్ తేటనీళ్లకి అలవాటుపడినవాళ్లు అక్కడ తడబడతారు. నూలుబట్టల బరువు తెలియడానికి ఇంట్లో ఒకరోజు చీరతోనో పంచెతోనో తలమీద నీళ్లు పోసుకుని మెట్లెక్కి దిగి చూడండి.

రోజు ఎంచుకోవడంలోనూ జాగ్రత్త ఉండాలి. 2015 జులై 14న, తొలిరోజు, రాజమహేంద్రవరంలో ప్రాణాలు తీసింది నది కాదు, తొక్కిసలాట. పుష్కరాలు పన్నెండు రోజులు. మధ్యలో ఒక మామూలు రోజు, జనం పలచగా ఉండే ఘాట్ చూసుకోండి. గొలుసో, కడ్డీల కంచో కట్టిన హద్దు లోపలే, మెట్టు మీద పాదం గట్టిగా ఆనిన చోటే, నడుంలోతు దాటకుండా, తోడు మనిషి మీకూ నదికీ మధ్య నిలబడగా దిగండి. ఒక్కో మునకకీ మధ్య ముఖం మీది నీళ్లు కారనిచ్చి, ఒక పూర్తి ఊపిరి తీసుకోండి. దిగాక అంకె 5 దాటితే ఒక మెట్టు పైకొచ్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే చెంబుతో నెత్తిన పోసుకుని వచ్చేయండి. ముంచేది మాత్రం మళ్లీ పూల్‌లో, ఏడో మెట్టు నుంచి.